నలభై డిగ్రీల ఊళ్లో రొద పెట్టని కంప్యూటర్

వేసవిలో చెన్నై ప్రాంతీయ వాతావరణ కేంద్రం రోజూ ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికలో తిరుత్తణి పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు. వేలూరుతో పోటీ పడుతూ తరచు పై వరుసల్లోనే ఉంటుంది. ఏప్రిల్ నడిమి నుంచి మే నెలాఖరు దాకా, ముఖ్యంగా అగ్నినక్షత్రం రోజుల్లో, నలభై డిగ్రీలు దాటడం అక్కడ వార్త కాదు. సముద్రం సుమారు ఎనభై కిలోమీటర్ల దూరం. మధ్యాహ్నానికల్లా చెన్నైని కాస్త తేరుకోనిచ్చే సముద్రపు గాలి తిరువళ్లూరు దాటి తిరుత్తణి కొండ దాకా వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. కొన్ని రోజులు రానే రాదు. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు మిద్దె రాత్రి చాలాసేపటిదాకా ఆ వేడిని కింది గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఆ గదిలోనే ఒక మూల కంప్యూటర్ ఉంటుంది. పిల్లవాడి ఇంజనీరింగ్ చదువుకో, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికో, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పనికో కొన్నది. మార్చి దాకా బుద్ధిగా పనిచేసిన ఆ పెట్టె మే రాగానే రొద మొదలుపెడుతుంది. పని నెమ్మదిస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది.

దుకాణంవాళ్లు ఇచ్చే సలహా ఇంచుమించు ఒక్కటే: ఇంకో రెండు ఫ్యాన్లు బిగించండి, లేదా లిక్విడ్ కూలర్ పెట్టండి. నా అభిప్రాయం వేరు. ఎండ ఎక్కువున్న ఊళ్లో చప్పుడు లేని కంప్యూటర్ కావాలంటే పుట్టిన వేడిని తరమడం రెండో పని. వేడిని తక్కువగా పుట్టనివ్వడం మొదటి పని. ఈ వరుస తలకిందులైతే ఎన్ని వేలు పోసినా రొద తగ్గదు.

ఎందుకో చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. కంప్యూటర్ గోడ ప్లగ్గు నుంచి తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ప్రాసెసర్ చేసే కూడికలూ తీసివేతలూ ఎంత గొప్పవైనా, శక్తి లెక్కలో అది ఒక చిన్న హీటరే. ఆ వేడి హీట్‌సింక్ ద్వారా గాలికి చేరాలి. హీట్‌సింక్ ఎంత మంచిదో చెప్పే కొలత ఒకటుంది: ఒక్కో వాటుకు చిప్పు తన చుట్టూ ఉన్న గాలికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ కాగుతుంది అన్నది. మాటవరసకు అది 0.4 డిగ్రీలు అనుకుందాం. ప్రాసెసర్ 90 వాట్లు తింటే చిప్పు గాలికంటే 36 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పెట్టె లోపలి గాలి గది గాలికంటే మరో 6 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకుందాం. 22 డిగ్రీల గదిలో ఆ చిప్పు 64 దగ్గర నిలుస్తుంది. 38 డిగ్రీల గదిలో 80కి చేరుతుంది. రెండూ ఫరవాలేదు. ఇప్పుడు అదే కూలర్ కింద 150 వాట్ల ప్రాసెసర్ పెట్టండి. చిప్పు 60 డిగ్రీలు, పెట్టెలోని గాలి 10 డిగ్రీలు పెరుగుతాయి. 22 డిగ్రీల గదిలో 92, ఎలాగో గట్టెక్కింది. తిరుత్తణి గదిలో 108. ఏఎండీ రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లకు తయారీదారు పెట్టిన హద్దు 95 డిగ్రీలు, ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100. హద్దు తగలగానే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను మాత్రం పూర్తి వేగంతో అరుస్తూనే ఉంటుంది.

యూట్యూబులో మనం చూసే కూలర్ రివ్యూలలో చాలావరకు ఐరోపా, అమెరికాల్లో ఇరవై రెండు డిగ్రీల చుట్టుపక్కల ఉంచిన గదుల్లో జరిగినవే. అక్కడి పరీక్షల్లో తప్పేమీ లేదు. జాగ్రత్తగా చేసేవాళ్లు గది ఉష్ణోగ్రతను తీసేసి, దానిపైన ఎన్ని డిగ్రీలు పెరిగిందో మాత్రమే గ్రాఫులో చూపిస్తారు. చూసేవాళ్లు ఆ అంకెకు మన గది ఉష్ణోగ్రత కలుపుకోవాలి. ఫ్యాను ఎంత ఖరీదైనదైనా, నీళ్ల గొట్టాలు ఎంత మెరిసినా, గది గాలికంటే చల్లగా చిప్పును ఉంచడం ఏ మామూలు కూలర్ వల్లా కాదు. లిక్విడ్ కూలర్ కూడా వేడిని చిప్పు దగ్గర తీసుకుని రేడియేటర్ దగ్గర అదే గది గాలికి అప్పజెబుతుంది, అంతే. పైగా అందులో పంపు ఒకటి అదనం. పంపు చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపిస్తుంది. గొట్టాల్లోంచి నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఇగురుతుంది, వేడి ఊళ్లో ఇంకాస్త తొందరగా. ఇంటి వాడకానికి నేనైతే రాగి గొట్టాలున్న పెద్ద గాలి కూలర్‌కే ఓటేస్తాను.

ప్రాసెసర్లు ఇంత వేడెక్కడం మొదటినుంచీ ఉన్నది కాదు. 1974లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక వ్యాసం రాశారు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసే కొద్దీ దానికిచ్చే వోల్టేజీ కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చని, అప్పుడు అదే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు ఇరికించినా వేడి పెరగదని అందులో చూపించారు. ముప్పై ఏళ్లు పరిశ్రమ ఆ మాట మీదే నడిచింది. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, ఆపేసినా వాటిగుండా కరెంటు కారడం మొదలైంది. వోల్టేజీ ఇక అదే లెక్కన దిగలేదు. 2004లో వచ్చిన పెంటియం 4 'ప్రెస్కాట్' వేడికి పేరుమోసింది. దాని తర్వాత రావలసిన 'తేజస్' అనే ప్రాసెసర్‌ను ఇంటెల్ అదే ఏడాది రద్దు చేసుకుంది. గడియార వేగాన్ని పెంచుకుంటూ పోయే దారి అక్కడితో మూసుకుపోయి, ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే దారి తెరుచుకుంది.

కానీ ఈ పదేళ్లలో పోటీ మళ్లీ వాట్ల మీదికే మళ్లింది. రైజెన్ 9 7950ఎక్స్ సాకెట్టు దగ్గర 230 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇంటెల్ 14900కె 253 వాట్ల దాకా. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు. కూర్చుని పనిచేసుకునే మనిషి ఒంటి నుంచి వెలువడే వేడి సుమారు వంద వాట్లు. అంటే ఇలాంటి యంత్రం పూర్తి బరువు మీద నడుస్తుంటే, మే నెల మధ్యాహ్నం ఆ చిన్న గదిలోకి మరో ఆరేడుగురు వచ్చి కూర్చున్నంత వేడి.

దీనికి మందు కూడా అదే చిప్పులో ఉంది. ప్రాసెసర్ తినే కరెంటు వోల్టేజీ వర్గానికి, గడియార వేగానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజీని 1.3 నుంచి 1.1కి దించితే, వేగం అంతే ఉంచినా, వాట్లు దాదాపు 28 శాతం తగ్గుతాయి. వేగాన్ని కూడా పది శాతం తగ్గించుకుంటే తగ్గుదల 35 శాతం దాటుతుంది. పోయింది పదోవంతు వేగం, తగ్గింది మూడోవంతు కంటే ఎక్కువ వేడి. తయారీదారులు చివరి అయిదారు శాతం వేగం కోసం, పోటీలో ఒక మెట్టు పైన కనబడటం కోసం, వోల్టేజీని బాగా ఎక్కించి అమ్ముతారు. ఆ చివరి అయిదారు శాతమే మనింట్లో రొద అవుతుంది.

కాబట్టి కొనేటప్పుడే 65 వాట్ల తరగతి ప్రాసెసర్ తీసుకోవడం మేలు. ఆ తరగతి రైజెన్ నిజానికి గరిష్ఠంగా 88 వాట్ల దాకా తీసుకుంటుంది. పైన చెప్పిన లెక్కలో 90 వాట్లు తీసుకున్నది అందుకే. పెద్ద ప్రాసెసర్ ఇప్పటికే ఉంటే బయాస్‌లోకి వెళ్లి 'ఎకో మోడ్' ఎంచుకోవచ్చు, లేదా వాట్ల హద్దును చేత్తో తగ్గించి రాయవచ్చు. గ్రాఫిక్స్ కార్డుకూ ఇదే వరస: తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 75 శాతానికి దించితే ఆటలో తేడా కంటికి పట్టుకోవడం కష్టం, చెవికి మాత్రం వెంటనే తెలుస్తుంది. వోల్టేజీని విడిగా దించేవాళ్లు మాత్రం కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ బరువైన పని పెట్టి గంటసేపు చూడాలి. మరీ దించితే కంప్యూటర్ స్తంభించిపోతుంది. చిప్పుకు హాని జరగదు, చేస్తున్న పని పోతుంది. అందరికీ ఇంత యంత్రం అవసరం లేదన్నది కూడా చెప్పాలి. బిల్లులు వేసుకోవడం, తెలుగులో టైపు చేసుకోవడం, ఆన్‌లైన్ క్లాసులు, సినిమాలు, ఇంతే పని అయితే 6 వాట్ల తరగతికి చెందిన ఇంటెల్ ఎన్100 లాంటి చిప్పున్న చిన్న పెట్టె చాలు. వాటిలో ఫ్యానే లేనివి దొరుకుతాయి. ఫ్యాను లేని యంత్రానికి చప్పుడు ఉండదు, దుమ్ము పీల్చే పనీ ఉండదు.

ఇక పుట్టిన వేడి బయటికి పోయే దారి. చిప్పు పైమూత, హీట్‌సింక్ అడుగు రెండూ చూడటానికి నున్నగా కనబడతాయి. భూతద్దం కింద చూస్తే గరుకే. రెండింటినీ ఒకదానిమీద ఒకటి నొక్కినా అక్కడక్కడ మాత్రమే తగులుతాయి, మిగతా సందుల్లో గాలి ఉండిపోతుంది. గాలికంటే రాగి దాదాపు పదిహేను వేల రెట్లు బాగా వేడిని మోస్తుంది. ఆ గాలిని వెళ్లగొట్టడానికే థర్మల్ పేస్ట్. బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం పొరపాటు; పేస్ట్ కూడా రాగితో పోలిస్తే వేడిని మోయడంలో చాలా వెనకబడినదే. అది సందును నింపాలి, మందమైన పొరగా నిలవకూడదు. వేడెక్కడం, చల్లబడటం రోజూ జరిగే ఊళ్లో కొన్నేళ్లకు పేస్ట్ మధ్యలోంచి అంచులకు జారిపోయి, ఎండిపోతుంది. నాలుగైదేళ్ల పాత యంత్రం ఈ వేసవిలో కొత్తగా అరుస్తోందంటే అనుమానించవలసిన వాటిలో ఇదొకటి.

ఆ పైన హీట్ పైపులు. కూలర్ పక్కనుంచి చూస్తే రాగి గొట్టాలు నాలుగైదు అడుగు నుంచి పైకి వంగి, పల్చటి అల్యూమినియం రేకుల దొంతరలోంచి దూసుకుపోతుంటాయి. గట్టి రాగి కడ్డీలనుకుంటారు చాలామంది. అవి బోలు. లోపల గోడకు రాగి పొడి కాల్చి అతికించిన స్పాంజి లాంటి పొర ఉంటుంది, గాలి తీసేసి కొద్ది చుక్కల నీళ్లు పోసి మూసేస్తారు. గాలి లేదు కనుక ఆ నీళ్లు మరగడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు. చిప్పు వెచ్చబడగానే అడుగున నీరు ఆవిరై పైకి పోతుంది, చల్లగా ఉన్న పై కొసన గోడకు తగిలి మళ్లీ నీరవుతుంది. ఇడ్లీ పాత్ర మూతకు లోపలివైపు పట్టే చుక్కల వంటిదే ఇది. తన వేడినంతా అక్కడ వదిలేసి ఆ నీరు రాగి పొర గుండా పాకుతూ కిందికి చేరుతుంది. 90 వాట్లు మోయడానికి సెకనుకు 0.04 గ్రాముల నీరు ఆవిరైతే సరిపోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు, చప్పుడు అసలే లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని రూపొందించింది అంతరిక్షంలో వాడే అణువిద్యుత్ పరికరాల కోసం. ఇవాళ రెండు వేల రూపాయల కూలర్‌లోనూ అదే ఉంది. వంటింట్లోని భౌతికశాస్త్రాన్ని ఇంత చక్కగా వాడుకున్న పరికరాలు నాకు తెలిసి తక్కువ.

చప్పుడు సంగతికి వస్తే, ఫ్యాన్లకు కొన్ని తిరుగులేని సూత్రాలున్నాయి. ఫ్యాను వేగం సగం చేస్తే అది తోసే గాలి సగమవుతుంది. తినే కరెంటు ఎనిమిదోవంతుకు పడిపోతుంది. చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. పది డెసిబెళ్లు తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది కనుక పదిహేను అంటే పెద్ద తేడా. ఒకే రకం ఫ్యాన్లు రెండు పక్కపక్కన తిరిగితే చప్పుడు పెరిగేది 3 డెసిబెళ్లే. ఇప్పుడు ఈ రెండూ కలపండి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఒక ఫ్యానుకు బదులు 750 చుట్లు తిరిగే రెండు పెడితే గాలి ఇంచుమించు అంతే, చప్పుడు 12 డెసిబెళ్లు తక్కువ. పెద్ద ఫ్యాన్లు, నెమ్మది ఫ్యాన్లు అనే మాటకు ఆధారం ఈ లెక్కే. 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ముందు రెండు, వెనక ఒకటి చాలు. 200 వాట్ల యంత్రం నుంచి వచ్చే గాలి గదికంటే పది డిగ్రీలే ఎక్కువ ఉండాలంటే సెకనుకు సుమారు 18 లీటర్ల గాలి కదలాలి. నెమ్మదిగా తిరిగే మూడు ఫ్యాన్లు, దారికి అడ్డం లేకపోతే, ఆ పని చేసేస్తాయి.

చప్పుడు ఎంత అన్నదే కాదు, ఎలాంటిది అన్నది కూడా లెక్కే. తొమ్మిది రెక్కల ఫ్యాను నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే దాని స్వరం సెకనుకు 180 కంపనాల దగ్గర ఉంటుంది, మంద్రంగా. పాత మదర్‌బోర్డుల మీద, కంప్యూటర్‌కు కరెంటు అందించే చౌక ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే చిన్న ఫ్యాను వేగంగా తిరిగితే స్వరం అంతకు నాలుగు రెట్లకు పోతుంది. మన చెవి అత్యంత చురుగ్గా ఉండేది సెకనుకు రెండు వేల నుంచి అయిదు వేల కంపనాల మధ్య. స్వరం ఆ వైపు జరిగే కొద్దీ డెసిబెల్ అంకె అంతే ఉన్నా విసుగు పెరుగుతుంది. నాలుగు తీగల ఫ్యాన్లకు వేగం చెప్పే సంకేతాన్ని సెకనుకు 25 వేల కంపనాల దగ్గర పెట్టింది కూడా ఇందుకే: అది మనిషి చెవికి అందదు. మూడు తీగల పాత ఫ్యాను కొనకపోవడానికి ఇదొక కారణం.

మన ఇళ్లకు సంబంధించిన విషయం ఒకటి విదేశీ రివ్యూలలో కనబడదు. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ సీలింగ్ ఫ్యాను ఆగదు. పూర్తి వేగంలో అది చేసే చప్పుడు సుమారు 45, 50 డెసిబెళ్లు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట మోత 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. సీలింగ్ ఫ్యాను ఒక్కటే గదిలో దాదాపు అంత చేస్తుంది. ఆ హోరు కింద 30 డెసిబెళ్ల కంప్యూటర్ వినబడనే వినబడదు. అంటే ఇక్కడ ఒక్కో డెసిబెల్ తగ్గించడానికి వేలు పోయనక్కర్లేదు. ఆ హోరు కప్పలేని చప్పుళ్లను తీసేస్తే చాలు. ఒకటి సన్నటి ఈల. రెండోది క్షణక్షణం మారే వేగం: పేజీ తెరిస్తే ఫ్యాను లేస్తుంది, మూస్తే తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. మనసును గుంజేది ఈ హెచ్చుతగ్గులే. మదర్‌బోర్డు తయారీదారులు పెట్టిన ఫ్యాను అమరిక చల్లటి గదిని దృష్టిలో పెట్టుకున్నది. అరవై డిగ్రీల దగ్గరే ఫ్యానును లేపుతుంది. మే నెల తిరుత్తణిలో ఏ పనీ చేయకుండానే చిప్పు ఆ పొలిమేరల్లో ఉంటుంది. బయాస్‌లో ఫ్యాను వక్రరేఖను తెరిచి, 75 డిగ్రీల దాకా ఒకే నెమ్మది వేగం, అక్కడి నుంచి 90 దాకా నిదానంగా పెరిగేట్టు, మార్పుకు కొన్ని సెకన్ల జాప్యం ఉండేట్టు దిద్దుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు. నా లెక్కలో ఇంతకంటే లాభమైన మార్పు లేదు.

ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర ఉందని బెంగపడేవాళ్లు చాలామంది. సిలికాన్ దాన్ని తట్టుకునేలాగే తయారైంది. బెంగపడవలసింది ఎస్‌ఎంపీఎస్ గురించి. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో తడి ద్రవం ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్ల వాడుక లెక్క. చౌక రకాల్లో 85 డిగ్రీల కెపాసిటర్లు, మంచివాటిలో 105 డిగ్రీలవి వాడతారు. డబ్బా మీద 550 వాట్లు అని రాసి ఉంటుంది సరే, ఆ వాట్లు ఎన్ని డిగ్రీల గాలిలో ఇవ్వగలదు అన్నది స్పెసిఫికేషన్లలో వెతకాలి. కొన్ని 40 డిగ్రీల దగ్గర, కొన్ని 50 డిగ్రీల దగ్గర పూర్తి బలానికి హామీ ఇస్తాయి. గదే నలభై ఉన్న ఊళ్లో మొదటి రకం కొనడం దండగ. 50 డిగ్రీలకు హామీ ఉన్నది, అవసరమైన వాట్లకు దాదాపు రెట్టింపుది తీసుకుంటే సగం బరువు మీదే నడుస్తుంది. సగం బరువు దగ్గరే దాని సామర్థ్యం ఎక్కువ, ఫ్యాను తక్కువ తిరుగుతుంది. కొన్నింటిలో తక్కువ బరువు మీద ఫ్యాను అసలు తిరగదు. క్యాబినెట్‌లో కూడా అది అడుగున ఉండి, కింద జల్లెడ గుండా నేరుగా బయటి గాలి తీసుకునేట్టు ఉండాలి.

క్యాబినెట్ ముందు భాగం మొత్తం జల్లెడగా ఉన్నదే తీసుకోండి. లోపల స్పాంజి అతికించి, ముందు తలుపు మూసి, నిశ్శబ్దానికని అమ్మే క్యాబినెట్లు చల్లటి దేశాలకు సరిపోతాయి. ఇక్కడ అవి గాలిని అడ్డుకుని, ఫ్యాన్లను ఇంకా వేగంగా తిప్పిస్తాయి. అంతకంటే పెద్ద నష్టం చేసేది మన ఇళ్లలోని కంప్యూటర్ టేబుల్. పెట్టెకు ఒక అర, అరకు వెనక ప్లైవుడ్ పలక, కొన్నింటికి ముందు తలుపు కూడా. వెనకనుంచి వచ్చిన వేడి గాలి ఆ అరలోనే తిరిగి మళ్లీ ముందునుంచి లోపలికి పోతుంది. ఆ పలకను రంపంతో కోసి తీసేస్తే, లేదా పెట్టెను బయట చిన్న స్టూలు మీద పెడితే, చాలా యంత్రాలు అదే రోజు సద్దుమణుగుతాయి. దుమ్ము పడకుండా కుట్టించిన గుడ్డ తొడుగు పని అయ్యాక వేస్తే మంచిదే. నడుస్తుండగా మీద ఉంచితే అది దుప్పటే.

దుమ్ము విషయంలో ఈ ప్రాంతానికి తనదైన ఇబ్బంది ఉంది. పళ్లిపట్టు, పొదటూరుపేట, ఆర్.కె.పేట, అమ్మయార్‌కుప్పం వైపు మరమగ్గాల ఊళ్లు. మగ్గం ఆడే ఇంట్లో నూలు నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. మామూలు మట్టి దుమ్ము రేకుల మీద పొడిగా పేరుకుంటుంది, ఊదితే పోతుంది. నూలు నూగు అలా కాదు. పోగు పోగునూ పట్టుకుని, హీట్‌సింక్ రేకుల ముఖం మీద ఫ్యానుకూ రేకులకూ మధ్య చాపలా అల్లుకుంటుంది. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగా, చక్కగా తిరుగుతూ కనబడుతుంది. దాన్ని విప్పితే తప్ప వెనక గాలి మూసుకుపోయిన సంగతి తెలియదు. అలాంటి ఇళ్లలో గాలి లోపలికి వచ్చే ప్రతి చోటా తీసి కడగగలిగే జల్లెడ ఉండాలి. లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటికంటే ఎక్కువ ఉండాలి. అప్పుడు లోపల పీడనం కాస్త ఎక్కువై, సందుల్లోంచి నూగు దూరదు. వచ్చే గాలంతా జల్లెడ గుండానే వస్తుంది. వారానికోసారి జల్లెడ కడిగి పూర్తిగా ఆరబెట్టడం, మూడు నెలలకోసారి కూలర్ ఫ్యాను విప్పి చూడటం అలవాటు చేసుకోవాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు కరెంటు తీసేసి, ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి. గాలి దెబ్బకు అది అదుపులేని వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది.

జల్లెడకు ఇంకో ఉపయోగం ఉంది. వెచ్చదనానికి బల్లి దూరుతుంది, చీమలు గూడు పెడతాయి. ఈశాన్య రుతుపవనాల తొలి వానకు దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లు ఫ్యాను గాలికి లోపలికి లాగబడతాయి. బల్లి ఒకటి ఎస్‌ఎంపీఎస్ లోపల రెండు కొసల మధ్య పడితే యంత్రం ఖర్చయిపోయినట్టే. వాడని స్లాట్లకు రేకు మూతలు బిగించి ఉంచండి.

ఏసీ పెట్టేస్తే సరిపోదా అంటారు.  సత్యవేడు పక్కనే ఇప్పుడు శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ కంపెనీలు ఏసీలు తయారు చేస్తున్నాయి. ఏసీకి ఈ ప్రాంతంలో కొదవ లేదు, స్తోమతు ఉన్నవాళ్లు పెట్టుకుంటున్నారు. గది 26 డిగ్రీలకు దిగితే కంప్యూటర్‌కు నిజంగానే పెద్ద ఊరట. కాకపోతే కంప్యూటర్ గదిలోకి వదిలే ప్రతి వంద వాట్లను బయటికి మోయడానికి ఏసీ మరో ముప్పై వాట్ల దాకా తీసుకుంటుంది. వేడికి రెండుసార్లు బిల్లు కడతాం. ఏసీ గదిలోనూ తక్కువ వాట్ల యంత్రమే లాభం. ఏసీ లేనివాళ్లు కంప్యూటర్‌ను మిద్దె కింది గదిలోంచి కింది అంతస్తుకో, పడమటి గోడకు దూరంగానో మార్చుకోవాలి; మిద్దె మీద వేసవికి ముందు తెల్ల సున్నం కొట్టించాలి. గదిలో తగ్గిన ప్రతి డిగ్రీ చిప్పులోనూ ఒక డిగ్రీ తగ్గుతుంది. గదికి నీళ్ల కూలర్ వాడేవాళ్లు దాని తడి గాలి నేరుగా పెట్టె మీదికి రాకుండా చూసుకోవాలి, ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచాలి.

తిరువళ్లూరు, తిరుత్తణిలవాళ్లు ఇప్పటికీ ఎక్కువగా కొనేది చెన్నై రిచీ స్ట్రీట్‌లో, లేదా అక్కడి సరుకు తెచ్చి అసెంబుల్ చేసే ఊరి దుకాణంలో. ఆ దుకాణదారులకు నాదొక విన్నపం. యంత్రాన్ని ఏసీ గదిలో పది నిమిషాలు వెలిగించి చూపించి పంపకండి. ఏసీ ఆపేసి, మధ్యాహ్నం పూట, బరువైన పని పెట్టి గంటసేపు నడపండి. గది ఎన్ని డిగ్రీలుందో, చిప్పు ఎన్ని డిగ్రీలకు చేరిందో, ఫ్యాను ఎన్ని చుట్లు తిరిగిందో బిల్లు వెనక రాసివ్వండి. ఎస్‌ఎంపీఎస్ హామీ 40 డిగ్రీలకా, 50కా అన్నది కూడా రాయండి. కొనేవాళ్లు ఈ నాలుగు అంకెలు అడిగి రాయించుకున్నాకే డబ్బు చెల్లించాలి.